రిసెప్షన్‌కు డ్రింక్స్ కౌంటర్ ఎంచుకోవడం ఎలా: వరంగల్ వైపు పెళ్లిళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఫంక్షన్ హాల్ ఖరారవుతుంది, వంటవాళ్లకు బయానా ముడుతుంది, మటన్ ఎన్ని కిలోలో లెక్క తేలుతుంది. డ్రింక్స్ సంగతి మాత్రం చాలా ఇళ్లలో ఆఖరి వారం దాకా ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు డెకరేషన్ అతనే "మా దగ్గర మాక్‌టెయిల్ కౌంటర్ కూడా ఉంది సార్" అని ఫోన్‌లో నాలుగు ఫోటోలు చూపిస్తాడు. మందు కలపని రంగురంగుల డ్రింకుల గ్లాసులు, లైట్లు, పొగలు. బాగుంది కదా అని సరే అంటారు. రిసెప్షన్ నాడు ఎనిమిదిన్నరకు కౌంటర్ ముందు గుంపు, తొమ్మిదింటికి ఐస్ ఖాళీ, ఆ తర్వాత వచ్చినవాళ్లకు గోరువెచ్చని రంగునీళ్లు. ఊరి నుంచి వచ్చిన ముసలాయన గిలాసెడు మంచినీళ్ల కోసం హాలంతా తిరుగుతుంటాడు.

హనుమకొండలో అయినా, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాలలో అయినా కౌంటర్ చెడేది మెనూ చిన్నదై కాదు. ఐస్, నీళ్లు, గ్లాసు నింపే చేతులు, ఈ మూడింట్లో ఏదో ఒకటి తక్కువై చెడుతుంది. అందుకే ఎవరిని పిలవాలో తేల్చుకునేటప్పుడు మెనూ కార్డును పక్కన పెట్టి, ముందు ఈ మూడింటి గురించి అడగండి. కింద ముందు తేదీ, తలల లెక్క, తర్వాత ఈ మూడూ, ఆపైన మిగతావి చెబుతాను.

1. ముందు తేదీ చూడండి, తర్వాత తలలు లెక్కపెట్టండి

వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలంటే మే నెల చుట్టుపక్కల. వరంగల్‌లో పగలు 43 డిగ్రీలు దాటే రోజులవి, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. రాత్రి ఎనిమిదైనా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. అప్పుడు మనిషికి రెండు మూడు గ్లాసులు పోతాయి. కార్తీకం, మార్గశిరంలో కథ వేరు. డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపు రిసెప్షన్ అంటే ఐస్ వేసిన గ్లాసును ముట్టేవాళ్లు తక్కువ. అక్కడ వేడి బాదం పాలు, అల్లం చాయ్, మొక్కజొన్న సూప్ పెట్టినవాళ్లకే పేరు వస్తుంది. శ్రావణంలో వాన పడితే పచ్చిక మీద పెట్టిన కౌంటర్ లోపలికి మార్చే దారి ఉండాలి. తేదీ చెప్పగానే ఇవేవీ అడగకుండా "అన్ని సీజన్లకూ మా ప్యాకేజీ ఒక్కటే" అనేవాడికి మీరు అడగాల్సిన రెండో ప్రశ్న ఉండదు.

తలల లెక్కలో పెళ్లికార్డుల సంఖ్యను నమ్మకండి. వంటవాళ్లకు ఎన్ని ప్లేట్లు చెప్పారో అదే ఇక్కడా లెక్క. ఉదాహరణకు 600 మంది అనుకుందాం, ముందుకు పోయేటప్పుడు ఇదే అంకె వాడతాను. వాళ్లలో చిన్న పిల్లలు ఎందరు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎందరు, ఊరి నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎందరు అని మీ ఇంట్లో ఒక్కసారి కూర్చొని చెప్పుకోండి. బస్సులో వచ్చేవాళ్లు ఒక్కసారే దిగుతారు, ఒక్కసారే దాహం అంటారు. కౌంటర్ వాడికి ఇది చెప్పకపోతే అతనికి ఎలా తెలుస్తుంది?

2. గ్లాసు చేతికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

కౌంటర్ వాళ్లందరూ "లైవ్" అనే మాట వాడతారు. అంటే మీ ముందే నిమ్మకాయ కోసి, పుదీనా నలిపి, ఐస్ వేసి, సోడా పోసి ఇస్తారు. చూడటానికి బాగుంటుంది. ఒక్క గ్లాసుకు నిమిషం పడుతుంది. 600 మందిలో 400 మంది ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య వస్తారు, మన దగ్గర రిసెప్షన్లన్నీ దాదాపు ఇంతే. ఆ తొంభై నిమిషాల్లో ఒక మనిషి ఆగకుండా చేస్తే తొంభై గ్లాసులు. 400 గ్లాసులకు నలుగురైదుగురు కావాలి. వాళ్లు పంపేది ఇద్దరిని.

దీనికి విరుగుడు రెండు రకాల కౌంటర్. మొదటిది గుమ్మం దగ్గర, ట్రేలలో అప్పటికే నింపి పెట్టిన వెల్కమ్ డ్రింక్. దీన్ని పెద్ద డ్రమ్ముల్లో ముందే కలిపి చల్లబరిచి పెట్టుకుంటారు, పోయడానికి పది సెకన్లు. రెండోది లోపల, భోజనాల దారికి పక్కగా, తీరిగ్గా చేసి ఇచ్చే లైవ్ కౌంటర్. మాట్లాడుకునేటప్పుడు సూటిగా ఇలా అడగండి: "ఎనిమిదిన్నరకు రెండు బస్సులు దిగితే ఏం చేస్తారు?" అనుభవం ఉన్నవాడు డ్రమ్ము గురించి, అదనపు మనిషి గురించి చెబుతాడు. లేనివాడు "చూసుకుంటాం సార్" అంటాడు. ఆ మాట మీద బయానా ఇవ్వకండి.

3. ఐస్: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

ముందు ఎంత కావాలో చూద్దాం. 600 మంది, తలకు రెండు గ్లాసులు, గ్లాసుకు 200 మిల్లీలీటర్లు అనుకుంటే 240 లీటర్లు. ఒక లీటరును 35 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు దింపాలంటే సుమారు 25 కిలో కేలరీల వేడి తీయాలి. కిలో ఐస్ కరిగి పది డిగ్రీల నీళ్లయ్యేలోపు 90 కిలో కేలరీలు లాగుతుంది. అంటే లీటరుకు దాదాపు 280 గ్రాములు, మొత్తం 70 కిలోలకు దగ్గర. ఇది కాగితం మీది లెక్క. మే నెల రాత్రి మూత తీసి ఉన్న డబ్బాలో కరిగిపోయేది, గ్లాసుల్లో ముక్కలుగా వేసేది కలిపితే రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ, అంటే 150 కిలోలు పెట్టుకోవాలి. సీసాలను, డ్రమ్ములను మధ్యాహ్నమే ఫ్రీజర్‌లో చల్లబరిచే కౌంటర్ అయితే ఇందులో బాగా తగ్గుతుంది. కాబట్టి "మీకు డీప్ ఫ్రీజర్ ఉందా, హాలుకు తెస్తారా?" అన్నది మంచి ప్రశ్న.

ఎంత అన్నదానికన్నా ఏ ఐస్ అన్నది పెద్ద విషయం. ఐస్ ఫ్యాక్టరీ నుంచి గోనెసంచి చుట్టి, ఊక పోసి ఆటోలో వచ్చే దిమ్మె చేపలకూ, సీసాలు చల్లబరచడానికీ పనికొస్తుంది. గ్లాసులో వేయడానికి కాదు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో, తినడానికి కాని ఐస్‌లో నీలి రంగు కలిపి తేడా తెలిసేలా చేయాలని చెప్పింది. అయినా తెల్లగా కనిపించే ప్రతి దిమ్మె మంచినీళ్లతో చేసిందే అనుకోకండి. గ్లాసులో వేసేందుకు సీలు వేసిన సంచుల్లో, లైసెన్సు నంబర్‌తో వచ్చే చిన్న ముక్కల ఐస్ అడగండి. ఖర్చు ఎక్కువే. కానీ ఒక రాత్రి విందుకు వచ్చినవాళ్లలో పదిమంది తెల్లారి వాంతులు, విరేచనాలతో ఎంజీఎం ఆసుపత్రి మెట్లెక్కితే, ఆ మిగిలిన డబ్బు ఎందుకు?

హాల్లో రెండు డబ్బాలు విడిగా ఉండాలి. ఒకటి సీసాలు ముంచే ఐస్, ఇంకొకటి గ్లాసులో వేసే ఐస్. రెండోదానికి మూత, పిడి ఉన్న స్టీలు గరిటె ఉండాలి. చేత్తోనో, గ్లాసుతోనో తోడే మనిషి కనిపిస్తే అక్కడికక్కడే ఆపండి. గాజు గ్లాసుతో తోడితే పగిలిన పెంకు ఐస్‌లో కలిసిపోతుంది, కంటికి కనిపించదు.

ఇక పొగలు వచ్చే డ్రింకులు. దయచేసి వద్దనండి. ఆ పొగ కోసం పోసే ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. 2017లో గురుగ్రామ్‌లో ఒకతను పొగ పోకముందే అలాంటి డ్రింకు తాగేసరికి కడుపులో రంధ్రం పడి పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2024లో అదే ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెష్‌నర్ అని ఇచ్చిన డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) నోట్లో వేసుకొని కొందరు రక్తం కక్కుకున్నారు. పెళ్లిలో పిల్లలు ఆ గ్లాసుల చుట్టే మూగుతారు. ఫోటో కోసం అంత ప్రమాదం అక్కర్లేదు.

4. మంచినీళ్లు

మంచినీళ్లు చాలా ప్యాకేజీల్లో ఉండవు, అందరూ తాగేవి మాత్రం అవే. చలికాలం తలకు అర లీటరు, ఎండాకాలం లీటరు పెట్టుకోండి. 600 మందికి ఎండాకాలంలో 20 లీటర్ల క్యాన్లు 30. చిన్న సీసాలు పెడితే 200 లేదా 250 మిల్లీలీటర్లవి తీసుకోండి. పెద్దవి సగం తాగి టేబుళ్ల కింద వదిలేస్తారు. సీసా మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబర్, తయారీ తేదీ, చెదరని సీలు చూసుకోండి. క్యాన్ల విషయంలో ఏ ప్లాంటు నుంచి తెస్తారో పేరు అడిగి, వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి.

డ్రింకులు కలిపే నీళ్లు కూడా ఆ క్యాన్లవే కావాలి. హాలు బోరు నీళ్లు గ్లాసులు కడగడానికే. ఈ ముక్క ముందే రాసుకోకపోతే తొమ్మిదింటికి బకెట్ పట్టుకొని కుళాయి దగ్గరికి పోతారు.

5. నాలుగు రకాలు చాలు

ఇరవై పేర్ల మెనూ చూస్తే అందులో పదిహేను ఒకే సోడాలో వేర్వేరు రంగు సిరప్‌లు. బ్లూ కురాసో, గ్రీన్ ఆపిల్, స్ట్రాబెరీ, అన్నీ చక్కెర, రంగు, వాసన. నాకు ఇవి పెళ్లి విందులో ఎందుకో ఎప్పటికీ నచ్చవు, మటన్ తిని వచ్చిన మనిషికి అవి దాహం తీర్చవు. నాలుగు మంచివి ఎంచుకోండి, నాలుగూ ఆఖరిదాకా ఉండేలా చూడండి.

ఒకటి తప్పకుండా సల్ల, అంటే మజ్జిగ. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర దంచి వేసి, ఉప్పు సరిచూసి, చల్లగా. లీటరు పెరుగుకు మూడు, మూడున్నర లీటర్ల నీళ్లు. 300 మంది 150 మిల్లీలీటర్ల చొప్పున తాగుతారనుకుంటే 45 లీటర్లు, దానికి పది పదకొండు లీటర్ల పెరుగు. మొత్తం ఒకేసారి చిలకనివ్వకండి, వేసవిలో గంటన్నరలో పులుపెక్కుతుంది. పెరుగు చల్లగా ఉంచి, సగం ముందు, సగం తొమ్మిది తర్వాత కలపాలి. షుగర్ ఉన్నవాళ్లు, ఉపవాసాల పెద్దమ్మలు, కారం తిన్న పిల్లలు, అందరికీ ఇది సరిపోతుంది.

రెండోది నిమ్మ. సబ్జా గింజలు నానబెట్టి వేస్తే ఇంకా మంచిది, కానీ చక్కెర లేకుండా ఉప్పు సోడా అడిగేవాళ్లకు విడిగా ఇవ్వగలగాలి. అంటే చక్కెర పాకం డ్రమ్ములోనే కలిపేయకూడదు, ఒక డ్రమ్ము ఉప్పుది ఉండాలి. మూడోది కాలాన్ని బట్టి: వేసవిలో ఉడికించిన మామిడికాయ షర్బత్ లేదా జగిత్యాల వైపు తోటల మామిడిపండ్ల రసం, వాన, చలికాలాల్లో జామ రసం. జామ రసానికి గ్లాసు అంచున ఉప్పు, వరంగల్ చపాటా మిర్చి పొడి అద్దమనండి. ఆ కాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఊరి పెళ్లిలో మన ఊరి మిర్చి ఉండటం నాకు చాలా ఇష్టం. నాలుగోది పిల్లల కోసం గోలీ సోడానో, నన్నారి షర్బత్తో. సీసా కొట్టే చప్పుడుకే పిల్లలు బారులు తీరతారు.

రసాల్లో "ఫ్రెష్" అంటే ఏమిటో అడగండి. పండు కోసి తీస్తారా, డబ్బా గుజ్జు కలుపుతారా? గుజ్జు తప్పేం కాదు, ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి.

6. రుచి చూడటానికి ఆఫీసుకు వెళ్లకండి

వాళ్ల గదిలో ఏసీ కింద ఒక్క గ్లాసు ఎవరైనా బాగానే చేస్తారు. వాళ్లు వేరే పెళ్లికి వేసిన కౌంటర్ ఎక్కడుందో కనుక్కొని, ఆ ఇంటివాళ్ల అనుమతితో రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లండి. ఐస్ ఇంకా ఉందా, కింద నేల జారుతోందా, గ్లాసులు ఎక్కడ కడుగుతున్నారు, తుడిచే గుడ్డ ఏ రంగుకు తిరిగింది, మనుషులు గ్లవ్స్ వేసుకున్నారా, వేసుకొని వాటితోనే డబ్బులూ ఫోన్లూ ముట్టుకుంటున్నారా? పది నిమిషాలు నిలబడితే అన్నీ తెలుస్తాయి. ఆ తర్వాత గ్లాసు తీసుకొని తాగండి.

గ్లాసుల సంగతి: ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి నిషేధం. పేపర్ గ్లాసులో సల్ల ఫర్వాలేదు, సోడా ఎక్కువసేపు ఉంటే అడుగు మెత్తబడుతుంది. టెంట్ హౌస్ స్టీలు గ్లాసులు తెప్పిస్తే అందం, పొదుపు, చల్లదనం మూడూ ఉంటాయి, కడగడానికి విడిగా ఇద్దరు మనుషులు కావాలి.

7. మందు పెడుతున్నారా? అయితే ఇది పూర్తిగా చదవండి

మన వైపు దావత్ అంటే చాలా ఇళ్లలో మందు ఉంటుంది, దాచుకోవాల్సిన పనిలేదు. దాచి పెట్టడం వల్లే చిక్కులు. కారు డిక్కీలో, హాలు వెనక చీకట్లో, నీళ్లు కూడా లేకుండా ఖాళీ కడుపున తాగితే గొడవలు అక్కడే పుడతాయి. పెట్టదలిస్తే సక్రమంగా పెట్టండి, లేదంటే అస్సలు వద్దు.

ముందు హాలు యజమానిని అడగండి. గుళ్లకు దగ్గరగా ఉన్న హాళ్లలో కొన్ని మందునూ మాంసాన్నీ ఒప్పుకోవు. ఒప్పుకుంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, కొన్ని రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోండి. పర్మిట్ ఎవరు తెస్తారు, మీరా, బార్ కౌంటర్ వాళ్లా అన్నది మొదటి రోజే తేల్చండి. "అదంతా మేం మేనేజ్ చేస్తాం" అంటే కాగితం చూపించమనండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు, ఆ రోజుల్లో మద్యం అమ్మరు. పోలింగ్ ముగిసేముందు 48 గంటలు కూడా అమ్మకం ఉండదు. శ్రావణ ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు ఆగస్టు 15 సంగతి ముందే చూసుకోండి.

సరుకు తెలంగాణ ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉన్నదే కొనాలి. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు దగ్గరని అటు నుంచి చవకగా తెస్తామనేవాళ్లు ఉంటారు. అది పన్ను కట్టని మద్యం, పట్టుబడితే కేసు మీ ఇంటి పేరు మీదే.

ఎంత కావాలి? తాగేవాళ్లను పేరుపేరునా లెక్కపెట్టండి, 600 మందిలో వాళ్లు వంద మందే కావచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాకు 60 మిల్లీలీటర్ల పెగ్గులు పన్నెండు. మనిషికి మూడు అనుకుంటే నలుగురికి ఒక సీసా. బీరు తేలిక అని యువకులను అటు తోసేయకండి: 7 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో ఉండే ఆల్కహాల్ దాదాపు రెండు పెద్ద పెగ్గుల విస్కీకి దగ్గరగా ఉంటుంది. రెండు సీసాలు తాగిన కుర్రాడు నాలుగు పెగ్గుల దగ్గరికి వచ్చినట్టే.

కౌంటర్ విడి గదిలో, స్టేజీకీ పిల్లలు ఆడే చోటుకీ దూరంగా ఉండాలి. పోసేది కిరాయి మనిషి అయి ఉండాలి, కొలత గ్లాసుతో పోయాలి. మన బావమరుదులు పోస్తే ప్రేమ ఎక్కువ, కొలత ఉండదు. 21 ఏళ్లు నిండనివారికి ఇవ్వకూడదని పోసేవాడికి ముందే చెప్పండి, "మా పిన్ని కొడుకే, ఇవ్వు" అనేవాళ్లను ఆపడానికి ఇంటి పెద్ద ఒకరు, మేనమామో చిన్నాన్నో, అక్కడే తాగకుండా ఉండాలి. స్టఫ్ (నంజుకునేవి), మంచినీళ్లు మందుకన్నా ముందు టేబుల్ మీదికి రావాలి. మాక్‌టెయిల్ గ్లాసులూ మందు గ్లాసులూ ఒకే ఆకారంలో పెట్టకండి, పిల్లలు పొరపాటున ఎత్తుకుంటారు. భోజనాలు ముగియడానికి గంట ముందు కౌంటర్ మూసేయండి.

తిరుగు ప్రయాణం గురించి కార్డులు పంచేటప్పుడే ఆలోచించండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పది వేల జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్ రోడ్డు మీదా కరీంనగర్ రోడ్డు మీదా అర్ధరాత్రి లారీల మధ్య నడిపే ఆ ప్రయాణానికి చట్టం భయం కన్నా ప్రాణం భయం ఎక్కువ ఉండాలి. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లను ఆ రాత్రికి మాట్లాడి పెట్టడం, దూరం వాళ్లకు నాలుగు గదులు తీసి ఉంచడం డ్రింక్స్ ఖర్చులో భాగంగానే రాసుకోండి.

కల్లు పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చెట్టు దించిన కల్లు పొద్దున తీపి, గంటగంటకూ పులిసి మత్తెక్కుతుంది. కాబట్టి రాత్రి రిసెప్షన్ కన్నా పెళ్లి మరునాటి పొద్దుటి దావత్‌కే అది బాగుంటుంది. మీకు తెలిసిన, లైసెన్సున్న గీత కార్మికుడి దగ్గరే, ఆయన దించుతుండగా చూసి తీసుకోండి. కొన్ని దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు అమ్మడం, దానివల్ల ప్రాణాలు పోవడం మన రాష్ట్రంలో జరిగాయి. ఎవరు దించారో తెలియని కల్లును చుట్టాలకు పోయకండి.

8. హాల్లో చోటు

వెల్కమ్ డ్రింక్ గుమ్మానికి పదడుగులు లోపల, పక్కకు. సరిగ్గా గుమ్మంలో పెడితే వచ్చేవాళ్లు అక్కడే ఆగి దారి మూసేస్తారు. లైవ్ కౌంటర్‌కు 15 ఆంపియర్ల ప్లగ్గు విడిగా కావాలి. మిక్సీలు, ఫ్రీజర్ స్టేజీ లైట్ల లైన్ మీదే ఉంటే కరెంటు పోయి జనరేటర్ అందుకునే వేళ ట్రిప్ అవుతుంది. నీళ్లు పోయే దారి, చెత్త డబ్బా, కింద రబ్బరు చాప అడగండి.

9. కాగితం మీద ఏం రాయించుకోవాలి

గ్లాసుకు ధరా, తలకు ధరా, గుత్త ధరా అన్నది రాయించండి. తలకు ధర అయితే ఆ తలల్ని ఎవరు లెక్కపెడతారో కూడా రాయాలి. గ్లాసు లెక్కకు తేలికైన పద్ధతి ఒకటుంది: పేపర్ గ్లాసుల ప్యాకెట్లను మొదలుపెట్టే ముందు మీ మనిషి లెక్కపెట్టి, ఆఖర్న మిగిలినవి తీసేయాలి. గ్లాసులు వాళ్లే తెచ్చినా ఈ లెక్క పనిచేస్తుంది.

ఎంతమంది మనుషులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎన్ని కిలోల ఐస్, ఏ ఐస్, డ్రింకులు కలిపే నీళ్లు ఎక్కడివి, ఇవి అంకెలతో ఉండాలి. రాత్రి పదకొండు దాకా అని ఒప్పుకుంటే పదకొండు దాకా నాలుగు రకాలూ ఉండాలన్న ముక్క కలపండి. మిగిలిన సీసాలు ఎవరివో రాయండి. బయానా మూడో వంతు దాటనివ్వకండి, చివరి భాగం సామాను వ్యాన్ ఎక్కే ముందు లెక్క చూసుకొని ఇవ్వండి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: వడ్డించేవాళ్లు, బ్యాండు వాళ్లు, ఫోటోగ్రాఫర్లు, డ్రైవర్లు, వాచ్‌మన్ కలిపి యాభై అరవై మంది ఉంటారు. వాళ్ల గ్లాసులను 600లో కలిపితే చివర్లో వాళ్లకు ఏమీ మిగలదు. విడిగా ఒక డ్రమ్ము సల్ల, రెండు క్యాన్ల నీళ్లు అని ఒప్పందంలోనే రాయించండి, వంటగది పక్కన పెట్టించండి, సాయంత్రం ఆరింటికే అది సిద్ధంగా ఉండాలని చెప్పండి.